బట్టలుతికిన చేతులు చదువు చెప్పించాయి

ఫిబ్రవరి అనగానే మనకి రథసప్తమి, మాఘమాసం పెళ్ళిళ్ళు, శివరాత్రి జాగరణ గుర్తొస్తాయి. పిల్లలున్న ఇళ్ళలో పరీక్షల హడావుడి సరేసరి! కానీ అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల్ని అడిగి చూడండి. అక్కడి యూనివర్సిటీల్లో ఫిబ్రవరి అంటే నల్లజాతి చరిత్ర మాసం. నెలంతా ఉపన్యాసాలు, పాటలు, నాటకాలు, ఫొటో ప్రదర్శనలు, విందులు జరుగుతాయి. ఒకప్పుడు సంతలో పశువుల్లా అమ్ముడుపోయిన మనుషుల మనవలూ మునిమనవలూ చదువుల్లో, కళల్లో, సైన్సులో ఏం సాధించారో నలుగురికీ చెప్పుకునే నెల అన్నమాట.

దీనికి బీజం వేసినాయన పేరు కార్టర్ వుడ్సన్. తల్లిదండ్రులిద్దరూ బానిసత్వంలో పుట్టినవాళ్ళు. ఆయన చిన్నతనంలో పొలం పని, ఆ తర్వాత బొగ్గు గనిలో పని చేసి, ఇరవై ఏళ్ళ వయసులో హైస్కూల్లో చేరారు. 1912లో హార్వర్డ్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నారు! పుస్తకాల్లో తమ వాళ్ళ ఊసే లేదని బాధపడి, 1926లో ఫిబ్రవరి రెండో వారాన్ని నల్లవారి చరిత్ర వారంగా జరపడం మొదలుపెట్టారు. ఆ వారాన్ని నెలగా మార్చి 1970లో మొదటిసారి జరిపింది ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలోని నల్లజాతి విద్యార్థులు, అధ్యాపకులు. 1976 నుంచి దేశమంతటా జరుగుతోంది.

ఇలాంటి పండుగల్లో సాధారణంగా పెద్ద పెద్ద పేర్లు వినిపిస్తాయి. శాస్త్రవేత్తలు, గాయకులు, ఆటగాళ్ళు, అధ్యక్షులు! అవన్నీ మీరు పేపర్లలో చదివే ఉంటారు. నేను మాత్రం మీకు ఒక చిన్న ఊరి గురించి, ఆ ఊళ్ళో ఉన్న యూనివర్సిటీ గురించి చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటారా? ఆ యూనివర్సిటీ చరిత్రలో తలెత్తుకుని నిలబడ్డ మనిషి ఒక చాకలి పని చేసిన ఆవిడ కాబట్టి.

ఊరి పేరు హ్యాటీస్‌బర్గ్. అమెరికాకి దక్షిణాన ఉన్న మిసిసిపీ రాష్ట్రంలో ఉంది. అక్కడిది సదరన్ మిసిసిపీ యూనివర్సిటీ. ఆవిడ పేరు ఒసియోలా మెకార్టీ.

1908లో పుట్టింది ఒసియోలా. అమ్మ, అమ్మమ్మ, పిన్ని ఉన్న ఆడవాళ్ళ సంసారం. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికే పని ఆ ఇంట్లో ఉండేది. ఆరో తరగతి చదువుతూండగా పిన్నికి జబ్బు చేసి నడవలేని స్థితి వచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి కదా! ఎవరు మానేస్తారు? ఇలాంటప్పుడు బడి మానేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. మన ఇళ్ళలోనూ తరాల తరబడి ఆడపిల్లే మానేసింది. పిన్ని కోలుకునేసరికి తోటి పిల్లలు పై తరగతికి వెళ్ళిపోయారు. ఒసియోలా మళ్ళీ బడి మొహం చూడలేదు.

ఇక అక్కణ్ణించి 75 ఏళ్ళు ఉతుకుడే ఉతుకుడు. తెల్లవారక ముందే లేచి, పెరట్లో ఇనప కాగు కింద మంట పెట్టి, బట్టలు నానబెట్టి, ఉడకేసి, గీతలు గీతలుగా ఉండే పలక మీద రుద్ది, జాడించి, గంజి పెట్టి, దండేల మీద ఆరేసి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి ఇచ్చేది. మధ్యలో ఒకసారి వాషింగ్ మెషిన్ కొందిట. అది ఉతికిన ఉతుకు నచ్చక దాన్ని వదిలేసి మళ్ళీ కాగు దగ్గరికే వచ్చింది! తెల్లబట్ట తెల్లగా రావాలంటే చేతి ఉతుకే అని పట్టుపట్టే మన పెద్దవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

ఇన్నేళ్ళ కష్టానికి ఎంతొచ్చేది? మొదట్లో మూటకి డాలరున్నర, రెండు డాలర్లు. తర్వాత తర్వాత కాస్త పెరిగింది. పెళ్ళి చేసుకోలేదు. కారు లేదు. సరుకులకి తోపుడు బండి తోసుకుంటూ నడిచి వెళ్ళేది. ఇంట్లో ఒక్క చానెల్ మాత్రమే వచ్చే బ్లాక్ అండ్ వైట్ టీవీ. బైబిల్ పేజీలు ఊడిపోతూంటే టేపు అంటించుకుని చదువుకునేది. బ్యాంకు వాళ్ళు పోరగా పోరగా ఒక ఏసీ పెట్టించుకుంది కానీ, ఇంటికి ఎవరైనా వస్తేనే వేసేదిట!

డబ్బు దాచడం ఆవిడకి చిన్నప్పుడే అబ్బింది. మనం పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో దాచినట్టు, ఆ పిల్ల బొమ్మల తోపుడుబండి అడుగున దాచుకునేది. పెద్దయ్యాక బ్యాంకులో వెయ్యడం మొదలుపెట్టింది. వెయ్యడమే తప్ప తియ్యడం లేదు. అమ్మమ్మ పోయింది, అమ్మ పోయింది, పిన్నీ పోయింది. వాళ్ళు మిగిల్చిన కొద్దిపాటీ దాంట్లోనే చేరింది. 1994 చివర్లో, 86 ఏళ్ళ వయసులో కీళ్ళవాతంతో వేళ్ళు వంగక పని మానేసింది. అప్పుడు బ్యాంకు వాళ్ళు లెక్క చూస్తే సుమారు రెండున్నర లక్షల డాలర్లు తేలాయి!

ఆ తర్వాత జరిగింది నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. తన తదనంతరం ఈ డబ్బు ఎవరికి చెందాలో ఆవిణ్ణి అడగాలి. శాతాలూ వాటాలూ అంటే ఆవిడకి అర్థం కావడం కష్టమని, బ్యాంకు అధికారి పది సెంట్ల నాణేలు పది తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఒక్కో నాణెం పదోవంతు అన్నమాట. ‘ఎవరికెంతో మీరే పంచండి’ అన్నాడు. ఆవిడ ఒక నాణెం తన చర్చికి పెట్టింది. బంధువులు ముగ్గురికి తలా ఒకటి పెట్టింది. మిగిలిన ఆరూ ఊళ్ళో ఉన్న యూనివర్సిటీ వైపు జరిపింది.

ఆ ఆరు నాణేలంటే లక్షన్నర డాలర్లు. డబ్బులేక చదువు ఆగిపోయే పిల్లలకి, ముఖ్యంగా నల్లజాతి పిల్లలకి, స్కాలర్‌షిప్పులు ఇవ్వమంది. తనకి దొరకని చదువు వాళ్ళకి దొరకాలన్నదే ఆవిడ కోరిక. అంతకుముందు ఒక నల్లజాతి మనిషి ఆ యూనివర్సిటీకి అంత పెద్ద మొత్తం ఇచ్చింది లేదు. 1995 వేసవిలో ఈ సంగతి బయటికి పొక్కగానే అమెరికా అంతా నోరు తెరిచింది. ఆవిడ డబ్బు ఆవిడ తదనంతరమే చేతికొస్తుంది, అప్పటిదాకా పిల్లలు ఆగడమెందుకని ఊళ్ళో వ్యాపారులు మరో లక్షన్నర పోగు చేశారు. ఆ ఏడాదే ఒక 18 ఏళ్ళ అమ్మాయికి వెయ్యి డాలర్లతో మొదటి స్కాలర్‌షిప్ అందింది. ఆ పిల్ల కుటుంబం ఒసియోలాని తమ ఇంటి పెద్దావిడలా చూసుకుంది.

ఇక సన్మానాలకి లెక్కేముంది! అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా పతకం. 1996లో హార్వర్డ్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్. ఆరో తరగతితో చదువాగిన మనిషికి హార్వర్డ్ డాక్టరేట్! 1998లో సొంత ఊరి యూనివర్సిటీ కూడా ఇచ్చింది. 1999 సెప్టెంబరులో, 91 ఏళ్ళ వయసులో ఆవిడ కన్నుమూసింది. ఈనాటికీ ఆవిడ పేరు మీద ఆ స్కాలర్‌షిప్పులు నడుస్తున్నాయి.

కథ ఇక్కడితో ఆపేస్తే ఎంతో హాయిగా ఉంటుంది, కదూ? పొదుపు గురించి పిల్లలకి చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ నాకో సందేహం వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. ఆ యూనివర్సిటీ ఆవిడ ఊళ్ళోనే ఉంది. ఆవిడకి రెండేళ్ళప్పుడు, 1910లో స్థాపించారు. మరి డెబ్భై ఎనభై ఏళ్ళపాటు ఆవిడ ఆ గేటు లోపలికి ఎందుకు వెళ్ళలేదు?

ఎందుకంటే అది తెల్లవాళ్ళకి మాత్రమే. ఒసియోలా ఆరో తరగతి దగ్గర ఆగకుండా చదువుకుని, క్లాసులో మొదటి మార్కు తెచ్చుకుని, చేతిలో ఫీజు పట్టుకుని వెళ్ళినా సరే, 1965 దాకా ఆ తలుపు తెరిచేవాళ్ళు కాదు. అలా వెళ్ళి తలుపు తట్టిన మనిషి కథ కూడా చెబుతాను. అది లేకుండా ఒసియోలా కథ చెప్పడం నాకెందుకో సగం వంట వడ్డించినట్టు అనిపిస్తోంది.

ఆయన పేరు క్లైడ్ కెన్నార్డ్. హ్యాటీస్‌బర్గ్‌లోనే 1927లో పుట్టారు. సైన్యంలో పనిచేశారు. షికాగో యూనివర్సిటీలో డిగ్రీ చదువుతూండగా, ఇంటి దగ్గర అమ్మకి సాయం లేక 1955లో చదువు మధ్యలో ఆపి వచ్చేశారు. అమ్మకో కోళ్ళ ఫారం ఉంది. కోళ్ళని చూసుకుంటూనే మిగిలిన చదువు పూర్తి చెయ్యాలని ఆశ. ఈ కాలేజీ దగ్గర్లోనే ఉంది. ఇంత చిన్న కోరికండీ!

దరఖాస్తు పెడితే, ఇదే జిల్లాకి చెందిన పాత విద్యార్థులు ఐదుగురి చేత సిఫారసు ఉత్తరాలు తెమ్మన్నారు. పాత విద్యార్థులంతా తెల్లవాళ్ళే. ఆ రోజుల్లో ఎవరిస్తారు? అయినా ఆయన పట్టు వదల్లేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. స్థానిక పత్రికకి మర్యాదగా, ఓపిగ్గా ఉత్తరాలు రాశారు. 1959 సెప్టెంబరులో కాలేజీ అధ్యక్షుడితో మాట్లాడి బయటికి వచ్చారో లేదో, కారు అడ్డదిడ్డంగా నడిపాడని, కార్లో సారా సీసాలున్నాయని పట్టుకున్నారు. మరుసటి ఏడాది ఇంకా దారుణం. పాతిక డాలర్ల విలువ చేసే కోళ్ళ దాణా దొంగతనం చేయించాడని కేసు. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ పది నిమిషాల్లో దోషి అని తేల్చేసింది. ఏడేళ్ళ శిక్ష! దాణా తీసినవాడినేమో, సాక్ష్యం చెప్పాడని వదిలేశారు.

జైల్లో పొలం పని. అక్కడే పేగు క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి మళ్ళీ పొలానికే పంపారు. దేశంలో గగ్గోలు పుట్టాక 1963 జనవరిలో విడిచిపెట్టారు. అదే ఏడాది జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, 36 ఏళ్ళకే ఆయన పోయారు. డిగ్రీ పూర్తి కాలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకి, 1965 సెప్టెంబరులో, ఆ తలుపు తెరుచుకుంది. లోపలికి అడుగుపెట్టిన మొదటి నల్లజాతి విద్యార్థులు ఇద్దరూ ఆడవాళ్ళే! ఒకరు రేలానీ బ్రాంచ్, రెండోవారు గ్వెండోలిన్ ఎలేన్ ఆర్మ్‌స్ట్రాంగ్. రేలానీ అప్పటికే ముగ్గురు పిల్లల తల్లి. పొద్దున్నే పిల్లలకి అన్నీ అమర్చి, కాపలా పోలీసుల మధ్య నడుస్తూ క్లాసుకి వెళ్ళడం అంటే ఎలా ఉంటుందో మనలాంటి వాళ్ళకే బాగా తెలుస్తుంది. ఆవిడ తర్వాత నర్సింగ్ చదివి, నర్సులకి పాఠాలు చెప్పే స్థాయికి వెళ్ళారు.

మరి కెన్నార్డ్ మాటేమిటి? 1993లో ఒక భవనానికి ఆయన పేరూ, అక్కడ డాక్టరేట్ తీసుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి వాల్టర్ వాషింగ్టన్ పేరూ కలిపి పెట్టారు. అయినా కోర్టు కాగితాల్లో ఆయన దొంగగానే మిగిలిపోయారు. ఆయన మీద ప్రభుత్వమే గూఢచారుల్ని పెట్టిందని 1998లో బయటపడ్డ ఫైళ్ళు చెప్పాయి. చివరికి ఎక్కడో ఇలినాయ్ రాష్ట్రంలో హైస్కూలు చదివే ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ళ టీచరు, కొందరు లాయర్లు కలిసి ఈ కేసు తవ్వితీశారు. ఆనాటి సాక్షి, తను చెప్పింది నిజం కాదన్నాడు. 2006 మేలో హ్యాటీస్‌బర్గ్ కోర్టు ఆ శిక్షని కొట్టేసింది. 2018లో యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన పోయిన 55 ఏళ్ళకి!

ఇప్పుడు చెప్పండి. ఆ యూనివర్సిటీ ఫిబ్రవరిలో పండుగ చేసుకుంటే ఎవర్ని తలుచుకోవాలి? ఒసియోలాని తలుచుకోవడం సులువే. ఆవిడ ఇచ్చింది. ఇచ్చినవాళ్ళకి దండ వెయ్యడానికి ఎవరికైనా చేతులొస్తాయి. కెన్నార్డ్‌ని తలుచుకోవడం కష్టం. ఆయన అడిగాడు. అడిగింది ఇవ్వకపోగా మనిషినే పోగొట్టుకున్నాం అని పైకి చెప్పుకోవాలి. నా ఉద్దేశంలో ఆ రెండో పని చెయ్యడం వల్లనే మొదటిదానికి కూడా విలువ వచ్చింది. తనని రానివ్వని ఇంటికే ఆవిడ ఆరు నాణేలు జరిపిందని తెలిస్తేనే కదా, అది ఎంత పెద్ద మనసో మనకి అర్థమయ్యేది!

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ, మనకెందుకు అనుకుంటున్నారేమో. మన పిల్లలకి దీంతో నేరుగా సంబంధం ఉంది. 1946 చట్టం ప్రకారం మన దేశం నుంచి ఏడాదికి వంద మందికి మాత్రమే అక్కడ స్థిరపడే అవకాశం ఉండేది. దేశం మొత్తానికి వంద! ఆ పద్ధతిని తీసేసిన కొత్త చట్టం 1965 అక్టోబరులో వచ్చింది. రేలానీ, గ్వెండోలిన్ క్లాసులో అడుగుపెట్టిన మరుసటి నెలే! పుట్టుకని బట్టి మనిషికి తలుపు మూయడం తప్పని నల్లవాళ్ళు వీధుల్లోకొచ్చి దెబ్బలు తిన్నారు కాబట్టే ఆ దేశం మనసు కొంత మారింది. ఆ మార్పులోనే మన డాక్టర్లకీ ఇంజనీర్లకీ దారి దొరికింది. అటువంటిది, అమెరికా వెళ్ళే పిల్లలకి మనం సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి సర్దుతూ ఏం చెబుతాం? ‘నల్లవాళ్ళుండే పేటకి పోకు నాన్నా’ అంటాం. తల్లి భయం తల్లిదే, కాదనను. కానీ పక్కన ఇంకో మాట కూడా చెప్పి పంపాలి. ‘నువ్వు నడుస్తున్న దారి చదును చేసినవాళ్ళలో వాళ్ళున్నారు, వాళ్ళ చరిత్ర తెలుసుకో’ అని.

ఇంకొక్క మాట. మా అమ్మ చాకలి పద్దు రాసే పుస్తకం నాకు బాగా గుర్తు. చీరలు 6, పంచెలు 4, దుప్పట్లు 2, తువ్వాళ్ళు 5 అని పెన్సిలుతో వరసగా రాసి ఉండేది. బట్టకి బట్ట లెక్క సరిపోయేది. ఆ పుస్తకంలో మా ఇంటిల్లిపాది బట్టల లెక్కా ఉండేది కానీ, వాటిని రేవుకి మోసి ఉతికి తెచ్చిన ఆవిడ పేరు ఒక్కచోటా ఉండేది కాదు. ఆవిడ పిల్లలు బడికి వెళ్ళేవారో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒసియోలా గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పుస్తకం గుర్తొస్తుంది. హ్యాటీస్‌బర్గ్‌లోనూ ఆవిడ చేత బట్టలు ఉతికించుకున్న ఎన్నో ఇళ్ళలో, ఆ మడతల వెనక ఇంత మనిషి ఉందని 1995 దాకా ఎవరూ అనుకుని ఉండరు.

మన ఇంటికి పనికొచ్చే మనిషికీ ఒక పేరుంది, ఒక లెక్కుంది, పిల్లల చదువు మీద ఒక ఆశ ఉంది. ఆవిడ కూతురు ఏ తరగతిలో ఉందో మీకు తెలుసా? తెలియకపోతే రేపు గిన్నెలు తోమేవేళ అడగండి. పదో తరగతి దాటాక ఆ పిల్లని మానిపించే మాట వస్తే, మానిపించవద్దని నాలుగు మాటలు చెప్పండి. వీలుంటే పోస్టాఫీసులో ఆ పిల్ల పేర నెలనెలా కొంత పడేలా ఒక ఖాతా తెరిపించండి. ఫీజులూ స్కాలర్‌షిప్ ఫారాలూ మన పిల్లలకి నింపిన చేతులే కదా మనవి, వాళ్ళకీ నింపి పెట్టవచ్చు.

ఆ పది నాణేల పద్ధతి కూడా ఒకసారి ఇంట్లో చేసి చూడండి. పది రూపాయి బిళ్ళలు బల్ల మీద పెట్టి, మీ పోపుల డబ్బా సొమ్ము ఎవరెవరికి వెళ్ళాలో పిల్లల ముందే పంచండి. ఇంటికెన్ని, దేవుడికెన్ని, బంధువులకెన్ని? వాటిలో ఒక్క బిళ్ళయినా మన ఇంటి గడప దాటి, ఎవరో ఒక పిల్ల చదువు వైపు జరిగితే ఎంత బాగుంటుంది! ఒసియోలా ఆరు జరిపింది. మనం ఒకటితో మొదలుపెడదాం. ఏమంటారు?